నాలుగు కన్నాల జడ్డిగం

గొర్రుతో విత్తనం వేయడం చూసినవాళ్లకు జడ్డిగం గురించి చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతాను. గొర్రును ఎద్దులు లాగుతాయి. అడ్డంగా ఒక బరువైన దిమ్మె, దానికి కిందికి దిగిన పళ్లు, ఒక్కో పంటి వెనక ఒక్కో వెదురు గొట్టం ఉంటాయి. ఆ గొట్టాలన్నీ పైకొచ్చి ఒక చెక్క గిన్నె అడుగున కలుస్తాయి. ఆ గిన్నే జడ్డిగం. ఎన్ని గొట్టాలుంటే దానికి అన్ని కన్నాలు. గొర్రు వెంట నడిచే ఆడమనిషి ఒడిలోంచి విత్తనాలు పిడికిట్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి ఆ కన్నాల్లోకి వదులుతుంది. గింజ గొట్టంలో జారి, పన్ను చీల్చిన సాలులో పడుతుంది. వెనకే వచ్చే గుంటక మట్టి కప్పేస్తుంది.

మా ఇంట్లో ఉన్నది నాలుగు కన్నాల జడ్డిగం. దాని గొర్రు ఇప్పుడు లేదు, దాన్ని లాగిన ఎద్దులూ లేవు. అనంతపురంలో మేముండే ఇంటి వంటగదిలో అమ్మ దాన్ని గోడకు తగిలించి, కన్నాల్లో గరిటెలు పెట్టుకుంటుంది.

నేను తపాలా శాఖలో ఉత్తరాల సార్టింగ్ చేస్తాను. కొన్నేళ్ల కిందట మాకు ఒక ట్రైనింగ్ జరిగింది. మొదటి రోజు సాయంత్రం మేడమ్ మాకొక పని అప్పగించింది. మీరెవరో చెప్పే వస్తువు ఒకటి రేపు ఇంటి నుంచి తీసుకురండి, దాన్ని చేతిలో పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడండి అంది. ఖరీదు ముఖ్యం కాదంది. ఫోటో మాత్రం వద్దంది, ఎందుకంటే ఫోటో అయితే అందరూ పిల్లల ఫోటోలే తెస్తారట. ఆ మాట నిజం. నేనూ అదే అనుకున్నాను.

ఆ రాత్రి ఇల్లంతా వెతికాను. బీరువాలో పెళ్లినాటి ధర్మవరం పట్టుచీర ఉంది. చేత్తో తీస్తే ఇప్పటికీ బరువుగా, చల్లగా ఉంటుంది. కానీ ఆ చీర నన్ను గురించి చెప్పేదానికన్నా దాన్ని నేసిన వాళ్ల గురించి చెప్పేదే ఎక్కువ. డిగ్రీ సర్టిఫికెట్ తీశాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేను, దాని విలువ నాకు తెలుసు. అయినా కాగితం పట్టుకుని నిలబడితే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వచ్చినట్టుంటుందని పక్కన పెట్టాను. నాయన కొనిచ్చిన చేతిగడియారం దగ్గర చాలాసేపు ఆగాను. అది పనిచేయడం మానేసి చాలా కాలమైంది, పారేయడానికి మనసు రాలేదు. దాని గురించి రెండు నిమిషాలు కాదు, రెండు గంటలైనా చెప్పగలను. కానీ అప్పుడు నేను చెప్పేది నాయన గురించే అవుతుంది.

వంటగదిలోకి మంచినీళ్లకు వెళ్లినప్పుడు జడ్డిగం కనిపించింది. రోజూ కనిపించేదే. గరిటెలు తీసి పక్కన పెట్టి, దాన్ని గోడ మీంచి దింపి, చేతి కింద పెట్టుకుని పట్టుకున్నాను. చెయ్యి దానంతటదే కన్నాల మీదికి వెళ్లి, వేళ్లు విడిపోయాయి. ఇక ఆలోచించాల్సిన పని లేకపోయింది.

మా ఊరు కళ్యాణదుర్గం వైపు. అన్నీ ఎర్రనేలలు, వాన మీద ఆధారపడిన చేలు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని అనంతపురం గురించి పాఠాల్లో చదువుకున్నాం. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల చుట్టూనే. అదీ కురవాల్సినప్పుడు కురిస్తేనే. ముంగారు వాన పడి నేల పదునైందంటే ఊరంతా ఒక్కసారి లేచేది. ఎర్రనేలలో పదును నిలవదు. రెండు మూడు రోజులు ఎండ కాసిందంటే పైన మట్టి ఆరిపోతుంది. ఆ లోపలే విత్తనం పడాలి. బడి అప్పుడే తెరిచేవాళ్లు. ఆ రోజుల్లో బడికి ఎవరూ రాలేదని మా అయ్యవారు కోప్పడేవారు కాదు, ఆయన చేనులోనూ విత్తనం పడుతూ ఉండేది.

వానకు ముందే విత్తనం కాయలు ఒలిచే పని మొదలయ్యేది. సాయంత్రం సంగటి తిన్నాక ఆడవాళ్లందరూ ఒక ఇంటి అరుగు మీద చేరేవాళ్లు. ఒక ఇంటివి అయ్యాక ఇంకో ఇంటివి. టీఎంవీ-2 రకం చెనక్కాయలు, అంటే వేరుశనగ, చిన్న కాయ, రెండేసి పప్పులు. మర పట్టిస్తే పప్పు చీలుతుందని, పైపొర లేచిపోతుందని చేత్తోనే ఒలిచేవాళ్లు. పొర పోయిన గింజ సరిగ్గా మొలవదు. ఒలిచిన పప్పులోంచి ముడుచుకున్నవి, చీలినవి ఏరడం పిల్లల పని. ఏరిన వాటిని అవ్వ బెల్లంతో కలిపి పెట్టేది. బొటనవేలి గోరు దగ్గర మంట పుట్టేది, అయినా ఆ అరుగు మీద నుంచి లేవబుద్ధి అయ్యేది కాదు. ఊర్లోని కథలన్నీ నేను అక్కడే విన్నాను.

విత్తనం రోజున చీకటితోనే గొర్రు కట్టేవాళ్లు. దిమ్మెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, జడ్డిగంలో మొదటి పిడికెడు అవ్వ వేసేది. ఆ తర్వాత అమ్మది. మేడి నాయన పట్టుకునేవాడు, గుంటక చిన్నాయన తోలేవాడు.

అమ్మ చెయ్యి మంచిదని ఊర్లో పేరు. మా చేను అయిపోయాక వేరేవాళ్లు ముందురోజే వచ్చి చెప్పిపోయేవాళ్లు, "రేపు మాకు రావల్ల మే" అని. విత్తనం వేసే పని చూడటానికి సులభం. నడుస్తూ గింజలు వదలడమే కదా అనిపిస్తుంది. కానీ ఎద్దుల నడక ఎప్పుడూ ఒకేలా ఉండదు. మొదట్లో హుషారుగా పోతాయి, ఎండెక్కాక నెమ్మదిస్తాయి, మలుపు దగ్గర ఆగుతాయి. ఆ నడకకు తగ్గట్టు చెయ్యి వదలాలి. నాలుగు కన్నాలకు నాలుగు వేళ్ల సందులు. ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ పడకూడదు. వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే లెక్క ప్రకారం సాలుకు సాలుకు మధ్య 30 సెంటీమీటర్లు, గింజకు గింజకు మధ్య 10 సెంటీమీటర్లు ఉండాలి. సాళ్ల దూరం గొర్రు పళ్లే చూసుకుంటాయి. గింజల దూరం మాత్రం పూర్తిగా ఆడమనిషి చేతిలోనే ఉంటుంది. మా అమ్మ ఏనాడూ స్కేలు పట్టుకోలేదు. కొలిచి చూస్తే పెద్ద తేడా ఉండేది కాదు.

ఇంకో సంగతి ఉంది, దాన్ని బయటివాళ్లు ఊహించలేరు. నేల కాస్త తడి ఎక్కువగా ఉంటే గొట్టం కింది మొనలో మట్టి ఇరుక్కుంటుంది. అప్పుడు గింజలు గొట్టంలోనే నిలిచిపోతాయి. గొర్రు పోతూనే ఉంటుంది, చెయ్యి వేస్తూనే ఉంటుంది, సాలు మాత్రం ఖాళీ. పైనుంచి ఏమీ కనిపించదు. అమ్మ దాన్ని చెవితో పట్టేది. గింజ వెదురులో జారే చప్పుడు మారగానే "నిలుపు, నిలుపు" అని కేక వేసేది. నాయన ఎద్దుల్ని ఆపి, గొర్రు పైకెత్తి, పుల్లతో మట్టి తీసేవాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అమ్మ ఆపమందంటే ఆపాల్సిందేనని ఆయనకు తెలుసు.

వారం పది రోజులకు మొలకలొస్తాయి. అప్పుడు ఊర్లోని ఆడవాళ్లు మొగవాళ్లు చేన్ల గట్ల మీద నిలబడి చూస్తారు. ఎక్కడ గుత్తులుగా మొలిచింది, ఎక్కడ సందు పడింది, అంతా బయటపడుతుంది. ఈ కయ్యలో ఎవరు వేసినారని అడిగేవాళ్లు. మాటలతో దాచుకునే వీలు లేని పని అది. చేనంతా చెయ్యి కనిపిస్తుంది, పంట కోసేదాకా కనిపిస్తూనే ఉంటుంది.

నాకు అమ్మ ఈ పని నేర్పింది నేను హైస్కూలుకు వచ్చాక. ముందు ఇంటి ముందర, ఉత్త జడ్డిగం ఒళ్లో పెట్టుకుని, ఇసుకతో. తర్వాత చేను చివర పశువుల మేత జొన్నకు. జొన్న చిన్న గింజ, చేతిలోంచి ఎంత పడుతోందో తెలియదు. అది సరిగ్గా వస్తే చెనక్కాయ సులభమని అమ్మ లెక్క. ఆఖరున ఒక ఏడాది, మా ఇంటి వెనక చేనులో, చెనక్కాయ పప్పు నా ఒడిలో పోసి, తను పక్కన నడిచింది. ఏడెనిమిది చెనక్కాయ సాళ్లకు ఒక కంది సాలు మా పద్ధతి. కంది గింజలు వేసే గొట్టం అమ్మ పట్టుకుంది. "కన్నాలను సూడొద్దు పాపా, ఎద్దుల కాళ్లను సూడు" అంది. ఆ ఒక్క మాటతో పని వచ్చేసింది. కన్నాలను చూస్తే చెయ్యి తడబడుతుంది. ఎద్దు అడుగు చూస్తే చెయ్యి దానంతట అదే సాగుతుంది.

ఎన్నో ఏళ్లు వేశానని చెప్పను. ఇంటర్‌కు అనంతపురం వచ్చాక సెలవులు కుదిరితేనే వెళ్లేదాన్ని. తర్వాత అసలు గొర్రు కట్టే రోజులే తగ్గిపోయాయి.

2000 సంవత్సరం మా జిల్లాలో ఎవరూ మరిచిపోరు. చెనక్కాయ పైరుకు వైరస్ తెగులు వచ్చి రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్కల్లో ఆ వైరస్ ఉంటుందని, తామర పురుగులు దాన్ని పైరుకు అంటిస్తాయని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. మాకు ఆ రోజు తెలిసింది మాత్రం, పచ్చగా ఉన్న మొవ్వు ఎండిపోతోందని, ఊడలు దిగాల్సిన చెట్టు నిలువునా చచ్చిపోతోందని. ఆ ఏడాది చాలామంది బెంగళూరుకు పనులకు వెళ్లారు. మా ఎద్దుల్ని నాయన ఆ చలికాలంలోనే అమ్మేశాడు. ఆ మాట ఇంతకన్నా రాయలేను.

తర్వాత ట్రాక్టర్ గొర్రు వచ్చింది. మొదట్లో దాని వెనక చెక్క కట్టి ఆడవాళ్లను కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లు కూర్చుని, దుమ్ములో, తల మీద కొంగు కప్పుకుని గొట్టాల్లోకి గింజలు వదిలేవాళ్లు. అమ్మ అలా కూడా వేసింది. నడిచేటప్పటి సుఖం దాంట్లో లేదని, ట్రాక్టర్ మోతలో గింజ చప్పుడు వినిపించదని అనేది. ఆ పైన గింజల్ని తనే లెక్కగా వదిలే యంత్రాలొచ్చాయి. ఆ యంత్రాల మీద నాకు కోపం లేదు. ఎండలో పొద్దంతా నడిచిన ఆడవాళ్ల కాళ్లు నేను చూశాను. మా గొర్రు దిమ్మె పశువుల కొట్టంలో కొన్నాళ్లు ఉండి, చివరికి పొయ్యిలోకి పోయింది. జడ్డిగాన్ని అమ్మ అటక మీద దాచింది. నాయన పోయాక ఊర్లో ఇల్లు మూసి అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నప్పుడు, రెండు సంచుల బట్టలతో పాటు తను తెచ్చుకున్న సామాన్లలో అదొకటి.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి. సార్టింగ్ కేసు ముందు నిలబడితే ఎదురుగా గూళ్లు ఉంటాయి. ఎడమచేత ఉత్తరాల కట్ట, కుడిచేత్తో ఒక్కోటి తీసి పిన్‌కోడ్ చూసి దాని గూట్లో వేయాలి. పిన్‌కోడ్ పద్ధతి దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. మొదటి మూడు అంకెలు చూస్తే చాలు, ఉత్తరం ఎటు వెళ్లాలో తెలుస్తుంది. 515 అనంతపురం, 516 కడప, 517 చిత్తూరు, 518 కర్నూలు. మా సీమ అంతా 51తోనే మొదలవుతుంది. నేను కొత్తగా చేరినప్పుడు సంక్రాంతికి గ్రీటింగ్ కార్డులు గుట్టలుగా వచ్చేవి. పక్కసీట్లోని పెద్దాయన నన్ను చూసి, ఇంత తొందరగా చెయ్యి ఎలా తిరిగిందమ్మా అని అడిగారు. అప్పుడు ఏమీ చెప్పలేకపోయాను. గూళ్లను చూడకుండా ఉత్తరాన్ని చూస్తే చెయ్యి దానంతట అదే పోతుందని నాకు తెలుసు, అది ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం ఆ రోజు తట్టలేదు. ఇంకో పోలిక కూడా ఉంది. తప్పు గూట్లో పడిన ఉత్తరం ఆ క్షణాన కనిపించదు. ఎక్కడో ఒక ఊర్లో, కొన్ని రోజుల తర్వాత, ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటే తెలుస్తుంది. అందుకే నేను చేతిలోని ప్రతి ఉత్తరాన్నీ గింజగానే చూస్తాను.

ట్రైనింగ్‌లో ఈ మాటలన్నీ చెప్పాను. రెండు నిమిషాలు దాటిపోయింది, మేడమ్ ఆపలేదు. నా ముందు మాట్లాడిన ధర్మవరం అబ్బాయి మగ్గం నాడె తెచ్చాడు. వాళ్ల నాన్న చేతి అరుగుదల దాని మీద కనిపిస్తోంది. కర్నూలు నుంచి వచ్చిన ఆవిడ వాళ్ల అమ్మ వాడిన కుంకుమ భరిణె తెచ్చింది. ఇద్దరు తమ ఫోన్లు చూపించారు, అందులో తప్పేమీ లేదు, వాళ్ల బతుకు నిజంగానే దాంట్లో ఉంది. టీ బ్రేక్‌లో నాడె తెచ్చిన అబ్బాయి జడ్డిగాన్ని చేతుల్లోకి తీసుకుని, కన్నాల అంచుల మీద వేలు తిప్పి చూశాడు. లోపలి వైపు నున్నగా అరిగి ఉంది. "ఎన్ని గింజలు పోయుంటాయక్కా దీంట్లోంచి" అన్నాడు. పనిముట్టును పట్టుకున్నవాడికే ఆ ప్రశ్న వస్తుంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"ఏమిటికి పాపా అది? అంతమంది ఆపీసర్లలో దాన్ని సూపిస్తివా? సర్టిఫికెట్ ఉండాది, మంచి సీర ఉండాది. మనం మట్టిలో పని చేసినోళ్లమని సెప్పల్లనా?"

"చెప్పల్లనే తీసుకుపోయినానమ్మా. మట్టిలో పని చేసినోళ్లమే కదా మనం."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. గరిటెలు కడిగి మళ్లీ కన్నాల్లో పెట్టింది. నేను ఏం మాట్లాడానో అడిగింది. మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చెప్పాను. గొట్టం చప్పుడు చెవితో పట్టేదని చెప్పిన దగ్గర మాత్రం "అదేమంత పెద్ద పనా, అందురూ పట్టేవాళ్లే" అంది. కానీ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నిన్నడిగితే ఏం తీసుకుపోతావమ్మా?" అన్నాను.

జడ్డిగమే అంటుందనుకున్నాను. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "చేట" అంది. విత్తనం వేసేది ఏడాదికి కొన్ని దినాలే, చేట పట్టేది దినామూ అని ఆమె వాదన. జడ్డిగం పట్టడం అత్తగారింట్లో, మా అవ్వ దగ్గర నేర్చుకుందట. చెరగడం మాత్రం పుట్టింట్లో, వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. కాబట్టి తను ఎవరని అడిగితే చేటే చెప్పాలట. "జడ్డిగం నాది కాదు, మీ అవ్వది. నువ్వు తీసుకుపోతే పో, అది నీకు ఒప్పుతుంది. నాకు మాత్రం చేట" అని తేల్చేసింది. నిజమే, రాళ్లూ మట్టిగడ్డలూ ఒకవైపుకు, గింజలు ఒకవైపుకు వచ్చేలా ఆమె చేటను తిప్పే తీరు నాకు ఇప్పటికీ రాదు. ప్లాస్టిక్ చేటతో చెరగనని మొండికేస్తే, పాతూరులో వెతికి వెదురు చేట కొనుక్కొచ్చాం. పేడతో అలికి రెండు రోజులు ఎండబెట్టాకే వాడింది.

అప్పటి నుంచి మా ఇద్దరికీ ఇదొక అలవాటైంది. బంధువులందరికీ ఒక్కో వస్తువు ఎంచుతాం. అవ్వకు వక్కాకు సంచి, అందులో ఇద్దరికీ అనుమానం లేదు. చిన్నాయనకు గుంటక కాదు, చేతిలో ఎప్పుడూ ఉండే టార్చిలైటు. మా అయ్యవారికి సైకిలు. అన్నకు ఏం పెట్టాలో అడిగితే "నాకు ఎద్దుల మెడ గంటలు" అన్నాడు, అవి ఇప్పటికీ వాడింట్లో తలుపుకు కట్టి ఉన్నాయి.

నాయన దగ్గరే తెగడం లేదు. అమ్మ మడక, అంటే నాగలి, అంటుంది. ఆయన మడక పట్టిన పొలం సాలు తప్పేది కాదని, ఊర్లో పెద్దోళ్లు కూడా ఒప్పుకునేవాళ్లని చెబుతుంది. నేను రేడియో అంటాను. సాయంత్రమైతే కడప కేంద్రం పెట్టుకుని, రైతుల కార్యక్రమం అయ్యేదాకా ఎవర్నీ మాట్లాడనిచ్చేవాడు కాదు. కొత్త విత్తనం గురించి, మందుల గురించి విన్నదంతా మరుసటి రోజు రచ్చకట్ట దగ్గర అందరికీ చెప్పేవాడు. మడక పట్టినవాళ్లు ఊర్లో వందమంది ఉన్నారు, అలా విని చెప్పినవాడు ఆయనొక్కడే అంటాను నేను. "ఆ రేడియో బ్యాటరీలకు దుడ్లు యాడ నుంచి వచ్చిండ్య? మడక నుంచే కదా" అంటుంది అమ్మ. అన్న ఆదివారం వస్తానన్నాడు. వాడు ఎటు వైపు మాట్లాడతాడో చూడాలి.